కింది వరసల పీపా

మెగాలోహోరి, 9 ఫిబ్రవరి 1964

నేను అనెజీనా. పడవతో మునిగిపోయిన స్టమాటిస్ భార్యను. వయసు డెబ్బై నాలుగు. సాంటోరిని దీవిలో, మెగాలోహోరి ఊళ్ళో, కొండ తొలిచిన ఇంట్లో ఉంటాను. ఇంట్లో నాతోపాటు ఒక గాడిద, రెండు కోళ్ళు, గోడ మీద మా ఆయన ఫొటో. ఇంకెవరూ లేరు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా ఊరి ఫాదిరి యాకవోస్‌గారు రాస్తున్నారు.

ఇవన్నీ నాకు తెలియవా అక్కా అంటావు. నీకు తెలుసు. నీ అల్లుడు మెనెలాస్‌కే కావాలట. తోట గురించి ఏం చెప్పినా పేరు, వయసు, ఇంట్లో ఎవరెవరు, సాక్షులెవరు అన్నీ ఉంటేనే ఆ మాట చెల్లుతుందని ఉత్తరం రాశాడు. పిరేయస్‌లో ఓడల ఆఫీసు గుమాస్తా కదా, ఇలాంటివి బాగా తెలుస్తాయి. అందుకని రాయించాను. ఇక నీతో మాట్లాడతాను.

చెల్లీ మరూలియా, నువ్వూ నీ కూతురూ మనవరాలూ బాగున్నారని తలుస్తాను. మోకాలికి కాల్చిన ఉల్లిపాయ కట్టమన్నాను, కడుతున్నావా?

పోయిన నెల నీ అల్లుడు వచ్చాడు. వెంట నురగరాయి కంపెనీ మనిషి ఒకడు. మన తెల్ల బూడిదమట్టిని తవ్వి ఓడల్లో పోసుకుపోయి సిమెంటు చేస్తారట. ఆ మనిషి తోటను చూడలేదు, తోట కింద మట్టిని చూశాడు. కర్రతో పొడిచి పొడిచి చూశాడు. మెనెలాస్ బూట్లతో నా వరసల మధ్య తిరిగి, అలసిపోయి, ఒక గంప మీద కూర్చోబోయాడు.

“లే!” అన్నాను.

“ఏమైంది పెద్దత్తయ్యా? గంపే కదా.”

“గంప కాదు నాయనా, చెట్టు. మా అమ్మ నాటిన చెట్టు. పెద్దవాళ్ళ నెత్తిన కూర్చోవడం మీ పిరేయస్‌లో మర్యాదా?”

అతనికేం తెలుసు పాపం. ద్రాక్ష అంటే పందిరి మీద పాకుతుందనుకున్నాడు. ఇక్కడ పందిరి వేస్తే గాలి పందిరినీ తీగనూ కలిపి సముద్రంలో పారేస్తుంది. అందుకే ఏటా తీగను నేలమీదే చుట్టచుట్టి గంపలా అల్లుతాం. కాయ ఆ గంప కడుపులో దాక్కుని పండుతుంది. నీకు చెప్పేదేముంది, నీ చేతులూ అల్లాయి. అతనికి చదివి వినిపించు.

తర్వాత రాతిగోడ దాటి కింది వరసల్లోకి దిగాడు. అవి నీవి. అమ్మ పోతూ పోతూ, గోడకు పైన నాకు, కింద నీకు అంది. ఎవరి కాయ వాళ్ళు తొక్కుకోవాలి, ఎవరి వైను పీపా వాళ్ళు నింపుకోవాలి అంది. కింద అతనికి గంపలు కనిపించలేదు. నేలకు సమంగా మొదళ్ళు కనిపించాయి. ఇంటికి రాగానే నీతో చెప్పాడట, అక్కగారు తోట నరికి రూసోస్ రొట్టెల బట్టీలో కాల్చేసిందని.

అవును, కోశాను. నేనూ రూసోస్ కలిసి, మొదలు చుట్టూ మట్టి తవ్వి, వేరు మీద రంపం పెట్టి కోశాం. కోసిన గంపలు అతని బట్టీలోనే కాలాయి. మన దీవిలో వేరే కట్టె ఎక్కడిది? ఆ రొట్టె ఊరంతా తింది, ఫాదిరిగారూ తిన్నారు. నేను తోటను చంపలేదు. గంప ముసలిదైపోతే దాన్ని తీసేస్తారు. వేరు మళ్ళీ కొత్త తీగను పైకి పంపుతుంది. మనిషి బతుకులో ఒక్కసారి చేసే పని. కింది వరసలకు అమ్మమ్మ ఆ పని చేసిననాటికి నువ్వింకా పుట్టలేదు. నేను చూశాను. చంపేస్తోందనుకుని నేలమీద పడి ఏడ్చాను. అమ్మమ్మ రంపం ఆపలేదు. “వేరు ఏడవట్లేదు కదే, నీకెందుకే ఏడుపు?” అంది.

ఇదీ నా వాదన. నీ వరసలు ముసలివయ్యాయి, కోశాను. నీతో చెప్పకుండా కోశాను, అది నిజం. ఇక మూడేళ్ళు వాటికి కాయ ఉండదు, అదీ నిజం. ఆ తర్వాత నీ మనవరాలు ముసలిదయ్యేదాకా కాస్తాయి. కంపెనీవాడికి అమ్మితే మట్టి పోతుంది. మట్టి పోతే వేరు ఎక్కడ నిలబడుతుంది? సంతకం పెట్టకు.

కంపెనీ మనిషికి మర్యాదకు ఒక గ్లాసు వైను ఇచ్చాను. మొహం చిట్లించి, “తీపి లేదేంటమ్మా?” అన్నాడు. “తీపి కావాలంటే చర్చికి వెళ్ళు, ఫాదిరిగారు ప్రసాదం వైను చెంచాతో పోస్తారు” అన్నాను. ఈ ముక్క రాయనని ఫాదిరిగారు కూర్చున్నారు. నా నోటి మాట నా ఉత్తరంలో లేకపోతే ఇంకెక్కడ ఉంటుందండీ అన్నాను. రాశారు.

అనెజీనా గుర్తు: +
సాక్షులు: ఫాదిరి యాకవోస్, రొట్టెల బట్టీ రూసోస్


పిరేయస్, 27 ఫిబ్రవరి 1964

అక్కకు మరూలియా నమస్కారాలు.

నీ ఉత్తరం నేనే చదివాను, నా చేత్తోనే జవాబు రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఫాదిరిగారిని సర్దుకుని చదవమను. నువ్వు తోటకు వెళ్తూ నన్ను బడికి పంపిన మూడేళ్ళ చదువు ఇది.

గంప కోసి వేరును లేపడం నాకు తెలియక కాదు అక్కా. పక్కతోటల్లో చూశాను. కానీ ఆ పని ఎప్పుడు చేస్తారు? చెట్టు కాయడం మానేశాక చేస్తారు. నా వరసలు మానేశాయా? యాభై ఆరు భూకంపం తర్వాత మేం ఇక్కడికి వచ్చేసిన ఏడాది నుంచీ, ఏటా చలి మొదలయ్యేసరికి పడవ మీద నా పీపా వస్తూనే ఉంది. నిండుగా వస్తోంది. మొన్న అక్టోబరులోనూ వచ్చింది. ఈ పెరట్లో ఉన్న కుటుంబాలన్నీ పైన్ చెట్టు జిగురు వాసన వేసే వైను తాగేవాళ్ళే. వాళ్ళను పిలిచి చిన్న గ్లాసుల్లో పోస్తాను. ఎండుగడ్డి రంగు, నిమ్మతొక్క ఘాటు, మింగాక నాలుక మీద రాయి నాకినట్టు కాస్త ఉప్పు. మొదటి గుక్కకు అందరూ దవడ పట్టుకుంటారు, రెండో గుక్కకు గ్లాసు వదలరు. “ఇది నా వరసలది” అని చెబుతాను. నీ మరిది పోయి, కూతురింట్లో ఒక మూల మంచం వేసుకుని ఉన్నదాన్ని. నాది అని చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది.

నిండుగా కాసే చెట్టును ఎందుకు కోశావు?

“అమ్మకం పడుతుందని తెలిసి కావాలని కోసింది” అంటున్నాడు మెనెలాస్. మా అక్క అలాంటిది కాదన్నాను. “అయితే ఎందుకు కోసిందో మీరే చెప్పండి అత్తయ్యా” అన్నాడు. అదే నిన్ను అడుగుతున్నాను.

ఇంకో సంగతి. నువ్వు తోటలో చేతుల మీద, మోకాళ్ళ మీద పాకుతూ పనిచేస్తున్నావట, చూసి వచ్చి చెప్పాడు. డెబ్బై నాలుగేళ్ళు నీకు. ఇంకా ఆ పని నీకెందుకు? నోటరీ మమ్మల్ని ఈస్టర్ తర్వాత రమ్మన్నాడు.

ఉల్లిపాయ కట్టలేదు. డాక్టరు బిళ్ళలిచ్చాడు, వేసుకుంటున్నాను.

నీ చెల్లెలు
మరూలియా


మెగాలోహోరి, 15 మార్చి 1964

మరూలియా,

ఈసారి పేరూ వయసూ చెప్పను. వయసు నువ్వే చెప్పావుగా.

నేను పాకుతున్నానా? ఇక్కడ ద్రాక్ష నేలమీద ఉంటుంది, కాబట్టి మనిషీ నేలమీదే ఉంటాడు. నూనూగు మీసాల కుర్రాడూ పాకుతాడు. ఫాదిరిగారూ పాకుతారు. నల్ల అంగీ నడుముకు దోపుకుని వాళ్ళ తోటలో పాకుతుంటే నేను కళ్ళారా చూశాను. రాయండి ఫాదిరిగారూ, సిగ్గేముంది, దేవుడూ చూశాడు.

ఇంకా ఆ పని నీకెందుకు అని రాశావు. మరేం చెయ్యమంటావు నన్ను? గుమ్మంలో కూర్చుని వచ్చే ఓడా పోయే ఓడా చూడనా? పోయినవాళ్ళ కోసం నల్లబట్టలు కట్టుకున్నాను గాని నేనింకా పోలేదు. ముసలిదాన్నయ్యానని తోట కింద మట్టి లాగేస్తారా ఎవరైనా?

నీ వరసలు ఎందుకు కోశానంటే, కోయాల్సి వచ్చింది. అంతే. చిన్నప్పుడు నా కొంగు పట్టుకుని ఎందుకు ఎందుకు అని ప్రాణం తీసేదానివి, ఇంకా ఆ అలవాటు పోలేదు నీకు. నేను నీ అక్కను. కోయాలి అన్నానంటే కోయాలి.

ఫాదిరిగారు కలం ఎత్తి, “అంతే అంటే ఆవిడకేం అర్థమవుతుందమ్మా?” అన్నారు. రాయడానికి పిలిచాను గాని ప్రశ్నలు వేయడానికి కాదని చెప్పాను. ఇప్పుడు మూతి బిగించుకుని రాస్తున్నారు.

ఇక్కడ రేపటి నుంచి ఉపవాసాలు. పప్పు, ఆలివ్ కాయలు, మళ్ళీ పప్పు. రూసోస్‌కి పన్ను పీకారు, ఊరంతా తిరిగి నోరు తెరిచి చూపిస్తున్నాడు. గాడిద కుంటుతోంది. ఈ ఏడు వాన బాగా పడింది, నా పై వరసలు అల్లడం అయిపోయింది.

నోటరీ దగ్గరికి వెళ్ళకు.

అనెజీనా


పిరేయస్, 5 ఏప్రిల్ 1964

అక్కా,

ఉత్తరం అందింది. అంతే, అన్నావు. నీ చెల్లెలికి చెప్పాల్సింది అంతేనా?

ఏటా పీపా నింపే చెట్లను కోసి, ఎందుకని అడిగితే అంతే అంటున్నావు. ఇక మెనెలాస్ మాట నమ్మక నేనేం చెయ్యను? ఆ రోజు రేవు మెట్ల మీద నువ్వు నా పక్కనే ఉన్నావు. ఇల్లు కూలిపోయి, మూటలు నెత్తిన పెట్టుకుని దిగుతున్నాం. “ఇల్లు పోతే పోయింది అక్కా, వరసలున్నాయి కదా” అన్నాను. నువ్వు తల ఊపావు. నాకు బాగా గుర్తు. భూకంపం నా ఇల్లు తీసుకుంది. వరసలు నువ్వు తీసుకున్నావు.

నేను సంతకం పెడతాను. ఈస్టర్ వెళ్ళి, ఆ మరుసటి తోమా ఆదివారం కూడా వెళ్ళాక. ఇక నీకు పై వరసలే ఉంటాయి. నీ నడుం వంగాల్సింది సగమే. కనీసం దానికైనా సంతోషించు.

గాడిద డెక్కలో రాయి ఇరుక్కుందేమో చూడు. దానికెప్పుడూ ఎడమ ముందు కాలే.

మరూలియా


మెగాలోహోరి, 23 ఏప్రిల్ 1964

మరూలియా,

భూకంపం నా ఇల్లు తీసుకుంది, వరసలు నువ్వు తీసుకున్నావు. ఫాదిరిగారు ఈ మాట చదివారు. మళ్ళీ చదవండి అన్నాను. మళ్ళీ చదివారు.

ఇక దాచను. విను.

నీ వరసలు కాయడం మానేసి చాలా ఏళ్ళయింది. మీరు ఊళ్ళో ఉన్నప్పుడే తగ్గాయి, నీ మొగుడు వాన లేదనేవాడు, నువ్వు ఎరువు లేదనేదానివి. భూకంపం వచ్చిన వేసవి నీ వరసలన్నీ వెతికి కోస్తే గాడిద మీద ఒక పక్క బుట్ట కూడా నిండలేదు. అవీ పిక్కలు తప్ప రసం లేని కాయలు. ఆ బుట్ట ముందు పెట్టుకుని కాయ తొక్కే తొట్టి గట్టు మీద కూర్చున్నాను. ఇల్లు పోయింది నీకు. కట్టుబట్టలతో పోయావు. వరసలున్నాయి అని ఆ ఒక్క మాట పట్టుకుని పడవ ఎక్కావు. ఆ మాట కూడా నీ చేతిలోంచి లాక్కుని, అవీ లేవే అని కబురు పెట్టమంటావా? నా వల్ల కాలేదు. నా కాయ తొక్కి నీ పీపా నింపాను. మరుసటి ఏడూ అదే చేశాను, ఆ తర్వాతా అదే చేశాను. పెరట్లోవాళ్ళకు పోసి నా వరసలది, నా వరసలది అంటున్నావే, అది నా వరసలది!

ఇక్కడిదాకా చెప్పేసరికి ఫాదిరిగారు కలం కింద పెట్టారు. నీకు తెలియదు, ఈ ఊళ్ళో నన్ను పిసినారి అంటారు. అడుగు తడిసేంత పోస్తే దానికి అనెజీనా గ్లాసు అని పేరు. ఆ పేరు పెట్టిందే ఈయన. నా పేరున్న పునీతురాలి పండగనాడు నలుగురిలో గ్లాసు ఎత్తి చూపించి, “అమ్మా, ఇందులో పోశారా, కడిగి వదిలేశారా?” అన్నారు. అందరూ నవ్వారు. పోయడానికి నా పీపాలో ఉంటే కదా. ఇవాళ తల వంచుకుని, “నాతోనైనా చెప్పాల్సింది కదమ్మా” అన్నారు. మీతో చెబితే ఆదివారానికల్లా ప్రసంగంలో వస్తుందన్నాను. మళ్ళీ కలం అందుకున్నారు.

ఇంత కాలం ఆగి ఈ చలికాలమే ఎందుకు కోశానంటావు. నేను పోతే నీ పీపా ఎవరు నింపుతారు? నా చేతుల్లో సత్తువ ఉండగానే నీ వేళ్ళు లేవాలి. చెప్పి కోయాలంటే ఈ కథంతా చెప్పాలి. చెప్పబుద్ధి కాలేదు. నువ్వు కోపంతో తిట్టినా ఊరుకుందును, దొంగను చేశావు కాబట్టి చెప్పాను.

ఇప్పుడు నీ మనసు చల్లబడిందా? వెళ్ళి సంతకం పెట్టుకో. నా నడుం సగమే వంగాలని కూడా రాశావు. ఎంత దయ తల్లీ నీది.

గాడిద డెక్కలో రాయే. ఎడమ ముందు కాలే.

అనెజీనా గుర్తు: +


పిరేయస్, 7 మే 1964

క్రీస్తు లేచాడు, అక్కా.

నీ ఉత్తరం పండగ ముందురోజు వచ్చింది. గుడ్లకు ఎర్ర రంగు వేస్తున్న చేతులతోనే విప్పాను, కాగితమంతా మరకలయ్యాయి. చదివి పీపా దగ్గరికి వెళ్ళాను. అడుగున కొంచెం మిగిలి ఉంది. గ్లాసులోకి వంచుకున్నాను గాని తాగకుండా పక్కన పెట్టాను. పండగ పూజ అయ్యాక మా అమ్మాయికీ మనవరాలికీ పోసి, నేనూ తాగాను. “ఇది మీ పెద్దమ్మమ్మ వరసలది” అని చెప్పాను. “నీది కదా?” అంది పిల్ల. కాదన్నాను.

ఎంత దయ తల్లీ అన్నావు. అక్కా, ఆ నడుం మాట నేను వెటకారంగా రాయలేదు. ఒక్కసారి నా వైపు నుంచి చూడు. నా వరసలు పీపా నింపుతున్నాయని కదా నేననుకున్నది. అంటే ఏటా నీ సగమే కాక నా సగం కూడా నువ్వే అల్లుతున్నావని, కోస్తున్నావని, తొక్కుతున్నావని కదా. పీపా వచ్చినప్పుడల్లా ఎంత సంతోషమో అంత సిగ్గు. నేనిక్కడ నీడన కూర్చుని గ్లాసు పట్టుకుంటే అక్కడ మా అక్క నా కోసం రాళ్ళ మీద మోకాళ్ళు అరగదీసుకుంటోంది. పంపకు అంటే నువ్వు వినవు. ఆ నేలే లేకపోతే నీకా చాకిరీ తప్పుతుందనుకున్నాను. కంపెనీ మాట మొదట ఎత్తింది మెనెలాస్ కాదు, నేను. నీతో చెప్పే ధైర్యం లేక అతన్ని ముందు పెట్టాను.

అమ్మమ్మ రంపం కథ నాకెప్పుడూ చెప్పలేదేం నువ్వు?

నోటరీని ఇంకొన్నాళ్ళు ఆగమన్నాను. మెనెలాస్ నాతో ముభావంగా ఉన్నాడు, కంపెనీవాళ్ళకు మాట ఇచ్చేశాడట. కానీ నేను వెళ్ళనని కూడా అనలేదు. ఆ వేళ్ళు లేచాయే అనుకో, మళ్ళీ వంగేది నువ్వే. కాయ లేని మూడేళ్ళూ వంగుతావు, కాయ వచ్చాకా వంగుతావు. నా పీపా కోసమే అయితే నాకు పీపా వద్దు. సంతకం పెట్టొద్దంటున్నావు కదా, అయితే ఒక్క కారణం చెప్పు. నాకోసమని చెప్పకు, మనవరాలికోసమని చెప్పకు. నీకోసం ఏం కావాలో చెప్పు. అది చెబితే ఆ కాగితాన్ని ముట్టుకోను.

నీ
మరూలియా


మెగాలోహోరి, 31 మే 1964

చెల్లీ,

ఫాదిరిగారు రెండుసార్లు కాగితం కలం పట్టుకుని వచ్చారు, రెండుసార్లూ తిప్పి పంపాను. ఏం చెప్పాలో తెలియలేదు. నీకోసం ఏం కావాలి అని నన్నెవరూ అడిగి ఎరగరు. మా ఆయన కూడా అడగలేదు, మంచివాడే గాని.

ముందు వరసల సంగతి చెబుతాను, అది తేలిక. చిగురు వచ్చింది. అన్నిటికీ రాలేదు, గోడ వారన కొన్ని లేవలేదు, ఇక లేవవు. మిగిలినవి మట్టిని పగలగొట్టుకుని వచ్చాయి. ఆకు కింద తెల్లటి నూగు. నా కళ్ళకు సరిగ్గా ఆనవు, పొద్దు వాలాక వెళ్ళి వేళ్ళతో తడిమి చూసుకుంటాను. గాలికి రెండు విరిగితే చుట్టూ రాళ్ళు పేర్చాను. రూసోస్ నవ్వాడు, “పిల్లలకు ఉయ్యాల కడుతున్నావా అనెజీనా?” అని. నీ పళ్ళ సంగతి చూసుకోరా అన్నాను.

చలికాలానికి అవి ముదిరి కర్ర కడతాయి. అప్పుడు మొదటి చుట్టు అల్లాలి. పాత గంపకైతే కొత్త తీగను పాతదాని మీదే చుట్టేయొచ్చు, నేనొక్కదాన్నే చాలు. వీటికి పాతది లేదు. ఒకరు మొదలు దగ్గర బిగించి పట్టుకోవాలి, ఒకరు నిదానంగా వంచాలి. లేదంటే మొదలంటా విరుగుతుంది. రూసోస్‌ను పిలవచ్చు. పిండి పిసికే చేతులవి, తుంచేస్తాడు.

నీ పెళ్ళి కాకముందు నువ్వు పట్టుకుంటే నేను వంచేదాన్ని. చేతులు కదలకుండా పట్టుకుని నోరు మాత్రం కదుపుతూనే ఉండేదానివి. నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడూ విసుక్కుంటాను, వినేవాళ్ళు లేరు. గాడిద వింటుంది గాని తిరిగి ఒక మాట అనదు. పై వరసల్లో పని చేస్తూ కిందికి చూస్తాను. అక్కడ నీ తల కనిపించదు. కంపెనీవాడు తవ్వుకుపోతే అక్కడ గొయ్యి కనిపిస్తుంది. గొయ్యిలోకి నువ్వు తిరిగి రావు కదా. అందుకే సంతకం వద్దన్నాను. నేను ఇన్ని ఉత్తరాల్లో మట్టి అన్నాను, వేరు అన్నాను. అవీ నిజమే. అసలుది ఇది.

నేనెప్పుడూ ఎవరినీ ఏదీ అడగలేదు, ఎలా అడగాలో తెలియదు. ఫాదిరిగారు, “దయచేసి అని పెట్టమంటారా?” అన్నారు. వద్దన్నాను.

చలికాలానికి రా. నా ఒక్కదాని వల్ల కావడం లేదు. తోట కాదు. తోట పని అవుతుంది. సాయంత్రాలు ఒంటరిగా గడపడమే కావడం లేదు.

రాసేశారా? చదవండి. ఊఁ. కొట్టేయకండి, ఉండనివ్వండి.

అనెజీనా గుర్తు: +


మెగాలోహోరి, 24 జనవరి 1965

పిరేయస్‌లో ఉన్న మెనెలాస్‌కు,

నేను అనెజీనా, వయసు డెబ్బై అయిదు. నీకు నచ్చిన పద్ధతిలోనే రాయిస్తున్నాను. ఈసారి రాస్తున్నది ఫాదిరిగారు కాదు, మీ అత్తగారు. నేను చెప్పేదాంట్లో సగం వదిలేస్తోంది. “ఇది రాయను అక్కా, అల్లుడు నొచ్చుకుంటాడు” అంటోంది. కాబట్టి ఉత్తరం మర్యాదగా కనిపిస్తే ఆ తప్పు నాది కాదు.

కంపెనీకి ఏం చెప్పాలని అడిగావు. మట్టి వాడుకలో ఉందని చెప్పు. నువ్వు పంపిన కాగితం మంచి దళసరిగా ఉంది, ఓడలో నీకు పంపుతున్న గుడ్లు అందులోనే చుట్టాం. సంతకం కోసం వెతకకు, లేదు.

మీ అత్తగారు ఎలా ఉందని అడిగావు. మొదటి వారం నడుం పట్టేసి మూలిగింది. ఇప్పుడు నా మీద అరిచేంత కులాసాగా ఉంది. కింది వరసల్లో సగం అల్లాం. నిన్న ఒకటి విరిగింది. నువ్వు పట్టు వదిలావు అన్నాను, నువ్వు మొరటుగా వంచావు అంది. ఇద్దరం ఒకరినొకరం తిట్టుకుంటుంటే రూసోస్ బట్టీలో రొట్టెలు వదిలేసి వచ్చి గోడ మీద కూర్చుని విన్నాడు. రొట్టెలు మాడాయి. ఆ విరిగిన తీగను పారేయలేదు, గుడ్డ చుట్టి చూస్తున్నాం.

ఎప్పుడు పంపుతారని అడిగావు. నేను ఆమెను పట్టుకుని కూర్చోలేదు, పడవ వారానికోసారి వస్తూనే ఉంది. నిన్న అడిగాను కూడా. “మిగతా సగం ఎవరు పట్టుకుంటారు?” అంది. అది అయ్యాక అని మళ్ళీ అడిగాను. నా వైపు చూడకుండా, చేతిలో తీగ వదలకుండా, నీకు ఒక కబురు రాయమంది. నేను చెప్పాలట, తను రాస్తుందట. సరే, చెబుతున్నాను.

ఆమె పెట్టెలో అడుగున ఉన్న పల్చటి బట్టలు, వేసవివి, అవి కూడా పంపించు.

అనెజీనా గుర్తు: +
సాక్షులు: రొట్టెల బట్టీ రూసోస్, ఆమె చెల్లెలు మరూలియా